నలుగురికీ ఒక కుక్కకీ చోటు కావాలి

లిఫ్టులు బాగుచేసే ఆయన భార్య అరవడం మానేసింది. ఆయనకి నిద్ర పట్టకపోవడం అప్పుడే మొదలైంది.

అరిచినన్నాళ్లూ ఆ ఇంటికి ఏ భయమూ లేదు. గొడవ మెట్లు దిగి కిందింటి దాకా వినపడేది, అరగంటకల్లా చల్లారేది, తర్వాత టీ గిన్నె పొయ్యి మీదికి ఎక్కేది. ఇప్పుడలా కాదు. ఆవిడ పొద్దున్నే లేస్తుంది, పిల్లల డబ్బాలు కడుతుంది, దర్జీ షాపులో సాయంత్రం దాకా కత్తెర ఆడిస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. అడగకపోతే అదీ లేదు.

ఆవిడని తప్పు పట్టడానికి లేదు. పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దామని మూడుసార్లు బయల్దేరారు. మొదటిసారి సంచులు సర్దాక ఆగిపోయారు. రెండోసారి బస్సు కదులుతుండగా ఆయన ఫోను మోగింది, ఆయన దిగిపోయాడు. నాన్న టీ తాగి వస్తాడనుకుని చిన్నోడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మూడోసారి కుక్కని ఎవరో చూసుకుంటామంటే వాళ్ల దగ్గర వదిలి వెళ్లారు. అది రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ కబురు విని చిన్నోడు కూడా తిండి మానేశాడు. అందరూ మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు.

ఆ కుక్క పేరు మేనేజరు. దూడంత ఉంటుంది. వచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టి, నిదానంగా వాసన చూసి, మనసుకి నచ్చితేనే లోపలికి వదులుతుంది. దానికా పేరు పెట్టింది చిన్నోడు. ఆరేళ్లవాడైనా ఈసారి మాట తెగేసి చెప్పాడు: "మేనేజరు రాకపోతే నేనూ రాను." వాడి అక్కకి పదకొండేళ్లు. అది ఏమీ అనలేదు. తల్లి పోలిక.

సెలవు శనివారం నుంచి నాలుగు రోజులు. ఇది తప్పితే మళ్లీ ఏడాదికి. కంపెనీలో మెకానిక్కులు ఇద్దరే: ఈయనా, ఈయనకంటే పదేళ్లు పెద్దవాడైన నడుంనొప్పి అన్నా. ఇద్దరికీ కలిపి మూడు మూలల తాళంచెవి ఒకటుంది. దానితో ఏ లిఫ్టు తలుపైనా, ఏ అంతస్తులోనైనా తెరుచుకుంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లు ఊరు దాటకూడదన్నది వాళ్ల పద్ధతి. సెలవు పెట్టినప్పుడు ఈయన దాన్ని అన్నకి అప్పగించేవాడు, కానీ అదంతా పేరుకే. అన్న ఇనప నిచ్చెన ఎక్కి పైనున్న మిషను గదికి వెళ్లలేడు. నిచ్చెన కింద నిలబడి ఫోను చేసి, "తమ్ముడూ, చెప్పు" అంటాడు. ఈయన ఎక్కడుంటే అక్కణ్నుంచి ఏ స్విచ్చు ముందు ఆపాలో, బ్రేకు ఎంత వదలాలో చెబితే వాచ్‌మన్‌నో ఎవర్నో పైకెక్కించి పని కానిస్తారు. ఓసారి ఈయన స్నానానికి వెళ్లి ఫోను ఎత్తకపోతే ఓ తల్లి చంటిబిడ్డతో లిఫ్టులో గంటసేపు ఇరుక్కుపోయింది. బయటికి తీసేసరికి ఆ బిడ్డకి ఏడ్చే ఓపిక కూడా లేదు. ఆ మొహం ఈయన కళ్లలోంచి పోదు.

అందుకే మంగళవారం నుంచి, పనికీ పనికీ మధ్య, మేడల మీద మిషను గదుల పక్కన నిలబడి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. గ్రీజు వేళ్లతో కంపెనీ చీటీల వెనక నంబర్లు రాసుకున్నాడు.

"నమస్కారమండీ. మీ దగ్గర ఫోను సిగ్నల్ బాగా అందుతుందా?"

"బ్రహ్మాండంగా అందుతుంది."

"పిల్లలిద్దరు, కుక్క ఒకటి. రానిస్తారా?"

"పిల్లలైతే పర్లేదు బాబూ. కుక్కనెక్కడ పెడతాం? పరుపులెక్కేస్తుంది."

"మా కుక్క పరుపెక్కదండీ" అన్నాడు. మేనేజరు రోజూ పడుకునేది చిన్నోడి తలగడ మీదే.

ఇంకోచోట సిగ్నల్ ఉంది, కుక్కనీ రానిస్తామన్నారు. పిల్లలు మాత్రం వద్దట. "ప్రశాంతంగా ఉందామని వచ్చేవాళ్లుంటారండీ."

"మా కుక్కే పిల్లలకంటే ఎక్కువ అరుస్తుంది కదండీ" అని నోరు జారాడు.

"అయితే అదీ వద్దు" అని పెట్టేశారు.

మరో చోట సిగ్నలూ ఉంది, అందర్నీ రమ్మన్నారు కూడా. ఇచ్చేది మూడో అంతస్తు గది. ఈయన బుద్ధి ఊరుకోదు కదా. "బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంతుంటుందండీ? పిల్లాడి తల పడుతుందా?" అని మొదలుపెట్టి మెట్ల ఎత్తు దాకా పోయాడు.

"బాబూ, మీరు ఉండటానికొస్తున్నారా, కొలవడానికొస్తున్నారా?" అందావిడ. ఆ చోటూ పోయింది.

తల ప్రాణం తోకకొచ్చింది. గురువారం మధ్యాహ్నం ఆఖరి నంబరుకి చేశాడు. చెరువు పక్కన ఇల్లు, అద్దెకిచ్చేది ఓ ముసలావిడ. ఈయన నోరు తెరవకముందే ఆవిడ అందుకుంది. "పిల్లలున్నారా? రానియ్యి. కుక్కా? నాకే రెండున్నాయి, చుట్టూ కంచె ఉంది, ఎటూ పోలేవు. ఒడ్డున నీళ్లు మోకాళ్ల దాకానే. మీ ఆవిడ వంట చెయ్యక్కర్లేదు, నేనే వండి పెడతా. మంచాలు చాలకపోతే కింద పక్కలేస్తా. ఇంకేం కావాలి నాయనా?"

ఈయనకి ఊపిరాడింది. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. అప్పుడు అడిగాడు. "ఫోను సిగ్నల్ అందుతుందా అమ్మా?"

"ఆ ఒక్కటీ లేదు నాయనా. కొండ మలుపు దాకా నడవాలి, గంట పడుతుంది."

చీటీ మీద ఆ నంబరు కొట్టేశాడు.

సాయంత్రం ఇంటికెళ్లి బూట్లు విప్పకుండానే, "ఎక్కడా దొరకలేదు" అన్నాడు. "పిల్లలుంటే కుక్క వద్దంటారు, కుక్కుంటే పిల్లలు వద్దంటారు. నేనేం చెయ్యను?"

భార్య కుర్చీలో కూర్చుని చిన్నోడి లాగుకి అంచు కుడుతోంది. తలెత్తలేదు. కూతురు మాత్రం లోపల్నుంచి వచ్చింది. చేతిలో ఓ కాగితం ఉంది, నిన్న చొక్కా ఉతకడానికి తీసినప్పుడు జేబులో దొరికిన చీటీల్లోంచి నంబర్లన్నీ దించుకున్నది. ఆయన ఈ మధ్యాహ్నం చేసిన ఆఖరి నంబరు కూడా అందులో ఉంది.

"నాన్నా, నేను అన్నిటికీ ఫోను చేశాను, అమ్మ ఫోన్లోంచి. ఇంకోసారి అడిగితే ఒప్పుకుంటారేమోనని. ఒక్కరు తప్ప అందరూ ఒకటే అన్నారు. మీ నాన్న ముందు సిగ్నల్ సంగతే అడిగాడమ్మా అని."

తను అలా అడుగుతున్నట్టు నిజంగా ఆయనకే తెలియదు.

"చెరువు దగ్గర మామ్మ మంచిది. మేనేజరుకి పాత దుప్పటి కూడా ఇస్తానంది. మరి దొరకలేదంటావేంటి?"

"పాపా, నాన్నని అడక్కు" అంది తల్లి. దారం పంటితో కొరికింది. "ఆవిడతో నేను మాట్లాడాను. శనివారం వెళ్తున్నాం."

ఒక్కక్షణం ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "ఎంతమందికి చెప్పావు?"

"ముగ్గురికి. మేనేజరుకి."

"మరి నేను?"

"మీకక్కడ సిగ్నల్ ఉండదుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. చిన్నోడు కుక్క చెవి పట్టుకుని, "నాన్న రాడా?" అనడిగాడు. "నాన్నకి పనుంది" అందావిడ, పరాయివాళ్లకి చెప్పినట్టు.

ఆయన కుర్చీ అంచున కూలబడ్డాడు. "ఆ రోజు బిడ్డని నువ్వు చూడలేదే. చూసుంటే..."

"నాకు తెలుసు. ఎన్నిసార్లు చెప్పారు! ఆ బిడ్డ బతికింది, ఇప్పుడు బడికి కూడా పోతోంది. మీరు చేసింది తక్కువ పని అని నేనేనాడైనా అన్నానా? ఆ పని ఇంకొకళ్లకి నేర్పమన్నాను. ఆరేళ్ల నుంచి అంటున్నాను. నేర్పితే వాళ్లకి మీతో పని ఉండదేమోనని మీ భయం." సూది డబ్బాలో పెట్టి మూత వేసింది. "మాకూ మీతో పని లేకుండా అలవాటు చేశారు. నాకిక అరిచే ఓపిక లేదండీ."

నిజం ఎంత చిన్నగా ఉంటుందో! బ్రేకు ఎంత వదలాలన్నది ఆయన చేతికి మాత్రమే తెలిసిన సంగతి. అది తెలిసినన్నాళ్లూ సూపర్వైజరు కూడా "మీరు లేకపోతే ఎలాగండీ" అంటాడు. ఆ మాట కోసం రెండోసారి బస్సు దిగాడేమో కూడా.

శుక్రవారం ఆయన మొహం చూసి నడుంనొప్పి అన్న, "ఎవరైనా పోయారా తమ్ముడూ?" అన్నాడు.

"పోయేలా ఉన్నారన్నా."

ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే అమ్మాయి ఒకర్తి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంటుంది, నిచ్చెనంటే భయం లేదు. "నాకూ నేర్పండన్నా" అని ఎన్నిసార్లు అడిగిందో. "నీకెందుకమ్మా గ్రీజు" అని నవ్వేసేవాడు. ఆ రోజు తనే వెళ్లి పిలిచాడు. మూడు మేడలెక్కించాడు. ముందు మెయిన్ స్విచ్చు ఆపాలి, లోపలున్నవాళ్లతో మాట్లాడాలి, తలుపులన్నీ మూసున్నాయో లేదో కింద అన్న చేత చూపించాలి, ఆ తర్వాతే బ్రేకు, అదీ కొంచెం వదిలి పట్టి, కొంచెం వదిలి పట్టి, లిఫ్టు దగ్గరి అంతస్తుకి చేరేదాకా. ఆ అమ్మాయి మిషను గది గోడ మీద సుద్దముక్కతో వరుసగా రాసుకుంది. ఐదు వరుసలు వచ్చాయి.

"ఇంతేనా అన్నా? దీన్నేనా ఇన్నేళ్లు దాచుకున్నారు?"

ఆయన నవ్వబోయాడు, రాలేదు. ఒక్కరోజులో నేర్చింది వేళకి చేతికొస్తుందో రాదో. తాళంచెవి అన్న చేతిలో పెట్టి, ఆయన గుప్పిట మూసేదాకా చూశాడు. సూపర్వైజరు విని, "సిగ్నల్ లేని చోటికా? సరే, వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు. మాట్లాడుకోవడమంటే ఏమిటో ఆయనకి తెలుసు.

సాయంత్రం భార్య ముందే నిలబడి ముసలావిడకి ఫోను చేశాడు. "అమ్మా, రేపు వచ్చేవాళ్లలో ఇంకొక మనిషి."

"రానియ్యి నాయనా. కానీ బస్సు దగ్గరికొచ్చే బండిలో ముగ్గురికీ కుక్కకీ సరిపోతుంది. నువ్వెక్కడ కూర్చుంటావు?"

"నడిచొస్తా."

భార్య సంచి సర్దుతోంది. వద్దనలేదు, రమ్మనలేదు. తువ్వాళ్లు నాలుగు పెట్టిందా, మూడు పెట్టిందా అని ఆయన దొంగచూపు చూశాడు. పైన దుప్పటి కప్పేసింది, కనబడలేదు.

శనివారం బస్సు దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బండిలో ముగ్గురూ ఎక్కారు, మేనేజరు వాళ్ల కాళ్ల దగ్గర కూలబడింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. బండి కొండ చుట్టూ తిరిగిపోయింది. ఆయన బరువు సంచి వీపున వేసుకుని అడ్డదారిన నడిచాడు.

కొండ మలుపు దగ్గరికి రాగానే ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"అన్నా, నలుగురు ఇరుక్కున్నారు. ఒకావిడకి ఆయాసం. నేను పైకెక్కాను, మెయిన్ ఆపాను, కింద పెద్దాయన తలుపులు చూశాడు. బ్రేకు గట్టిగా ఉందన్నా, రావట్లేదు!"

"భయపడకు. గోడ మీద ఏం రాశావు? చదువు."

చదివింది. ఐదో వరుస దగ్గర ఆగింది. "అన్నా, పెట్టేస్తున్నా. రెండు చేతులూ కావాలి."

అంతే. ఫోను నిశ్శబ్దమైపోయింది. ఆయన మళ్లీ చెయ్యలేదు. చేస్తే ఆ అమ్మాయి చేతులు బ్రేకు మీద నుంచి తియ్యాలి. నిలబడ్డాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అన్న కూడా చెయ్యలేదు. అక్కడే ఉంటే ఎప్పటికైనా మోగుతుంది. నాలుగడుగులు కిందికేస్తే మోగదు.

కింద దారి పక్కన బండి ఆగి ఉంది. చిన్నోడు వంగి వాంతి చేసుకుంటున్నాడు, కూతురు వాడి నుదురు పట్టుకుంది. భార్య ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. ఫోను పట్టుకుని నిలబడిన మనిషిని ఇంతకుముందు ఎన్నిసార్లు చూసిందో అలాగే. పిలవలేదు.

ఆయన చివరిసారి ఫోను వంక చూశాడు. జేబులో వేసుకుని దిగడం మొదలుపెట్టాడు. రాళ్ల మీద కాలు జారుతోంది.

దగ్గరికి రాగానే ఆవిడ అడిగింది. "ఫోనా?"

"ఊఁ. నలుగురు ఇరుక్కున్నారట."

"బయటికొచ్చారా?"

"తెలీదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఏం వెతుకుతోందో ఆయనకి అర్థం కాలేదు. తర్వాత చెయ్యి చాపింది.

"నీళ్ల సీసా మీ సంచిలోనే ఉండిపోయింది. ఇటివ్వండి, వాడి మొహం కడగాలి."