మామ పైకి చూసిన ఫోటో

మా మామ పోయాడని గుడియాత్తం నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను వేలూరులో ఒక పెళ్లికి ఫోటోలు తీస్తున్నాను. ఏడుపు మధ్యలోనే అడిగింది: "దండ వేసేదానికి మామ పటం యాడన్నా ఉండాదా అమ్మా?"

ఊరందరి ముఖాలూ తీసే నేను మా అమ్మ తమ్ముణ్ణి ఒక్కసారీ నిలబెట్టి తీయలేదు. కెమెరా ఎత్తితే చాలు, "నన్నెందుకమ్మా, నూలును తియ్యి" అంటూ మగ్గం వెనక్కి తప్పుకునేవాడు. ఆధార్ కార్డు మీది ముఖం ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి.

మామకు ఒకటే కోరిక. తెల్లవారుతూనే వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, చాచి, ఇరుగుపొరుగంతా చేరి గంజి పెడతారే, ఆ పడుగు మొత్తాన్నీ ఒక్క ఫోటోలో చూడాలని. మరమగ్గాలొచ్చాక అలా చాచే ఇళ్లు రెండే మిగిలాయి. నిరుడు నా చిన్న మిర్రర్‌లెస్ కెమెరాను నూలు చిలపలా అరచేతిలో తూచి, "లేసుగా ఉండాది. గాలిపటానికి కట్టి పైకి పంపిస్తాము" అన్నాడు.

"డ్రోన్ తెస్తాను మామా" అన్నాను. నా భయమంతా కెమెరా గురించే. అదే నా కూడు.

"దానికి దారం లేదు కదమ్మా, ఎట్ల నమ్మేది? ఇదైతే దారం నా చేతిలోనే ఉంటాది."

పాత లుంగీ గుడ్డతో తానే గాలిపటం కుట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ "గంజి తాగని నూలును నమ్మగూడదు" అన్నది ఆయన వేదం. కెమెరా కట్టిన దారానికీ గంజి పట్టించాడు! ఐదు సెకన్లకొక ఫోటో తనంతట తానే పడేలా నేను సర్దిచ్చాను. కెమెరా మిద్దెలు దాటింది. కాసేపటికి, గంజికి బిరుసెక్కిన దారం ముడి దగ్గర పుటుక్కున తెగింది.

కెమెరా వచ్చి పడుగు మీద పడింది కాబట్టి బతికింది. మామ దాన్ని నా చేతిలో పెట్టి, పడుగులో తెగిన పోగులు ఒక్కొక్కటే ముడి వేయసాగాడు. అన్నీ అతికేదాకా ఫోటోలు చూడనన్నాడు. "అవి యాడికీ పోవమ్మా. పని నిలిచిపోయింది చూడు, పాపం, అందరూ కాచుకోని ఉండారు." ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ నిదానం కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

తర్వాత చూసి, "ఒక్క పోగూ వంకర పోలేదు" అని మురిసిపోయాడు. అందులో తానూ ఉన్నాడని గమనించలేదు. నేనూ గమనించలేదు, అత్త ఫోన్ వచ్చి ఆ ఫోటోలు మళ్లీ వెతికేదాకా.

ఆ ముఖం వరకే పెద్దది చేసిస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "వీధంతా ఉండనీ అమ్మా. ఆయప్ప అడిగింది అదే కదా."

ఫోటోలో అందరూ పడుగు మీదికి వంగి ఉన్నారు. ఒక చివర బియ్యపు గింజంత మామ. బొట్టు కింద ఆ ముఖం మునిగిపోతుందని, అత్త అగ్గిపుల్ల మొనతో కుంకుమ అద్దింది. ఆయనొక్కడే తల ఎత్తి నా కెమెరా వంక చూస్తున్నాడు. దారం చేతిలోనే ఉంది.