దసరా నాడు మామను ఎత్తేశాను

పెళ్ళికి ముందే కాబోయే మామను నేలకేసి కొట్టిన అల్లుణ్ణి మీరు చూసి ఉండరు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఘనుణ్ణి నేనే.

అప్పట్లో నిజామాబాద్‌లో జుజుత్సు అనే జపాను కుస్తీ నేర్చుకునేవాణ్ణి. కింద పడడం నేర్పే మొదటి దశ దాటి, మనుషుల్ని పడేసే రెండో దశకొచ్చాను. అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు నాలుగు పట్లొచ్చేసరికి కూరగాయల మార్కెట్లో కూడా వెనక్కి చూసుకుంటూ నడిచేవాణ్ణి. నా మీద పడేంత తీరిక ఊళ్ళో ఎవరికీ లేదన్న సంగతి నాకు తట్టలేదు.

మాస్టర్ ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "ఎనక నుంచి చెయ్యి వడితే సోచాయించుడు లేదు. వంగు, తుంటి మీదికి తీస్కో, ఇసురు!"

ఆలోచించకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అది ఇట్టే పట్టుబడింది.

దసరాకి బోధన్ పక్కన చెరుకు పండించే ఊరికి, కాబోయే అత్తవారింటికి రమ్మన్నారు. మాటలైతే అయ్యాయిగానీ నిశ్చితార్థం కాలేదు. పిల్ల పేరు లత. ఈ సంబంధం తప్పితే నేను బతకనని అప్పటికే నిర్ణయించుకున్నాను. సాయంత్రం జమ్మి పూజ అయింది. అందరూ ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టి, "బంగారం" అంటూ కావలించుకుంటున్నారు. డప్పుల మోతలో ఏమీ వినబడటం లేదు. అంతలో వెనక నుంచి రెండు చేతులు నా భుజాల మీద పడ్డాయి.

వంగాను. తుంటి మీదికి తీసుకున్నాను. విసిరాను.

క్లాసులో ఒక్కనాడూ అంత అందంగా రాలేదు. మురిసిపోతూ చూద్దును కదా, బురదలో వెల్లకిలా మామ!

"అలాయ్ బలాయ్ తీస్కుందామని అస్తే గిట్ల ఏస్తవా అల్లుడా?"

"మామా, మీరనుకోలే! దొంగోడనుకున్న."

"దొంగోడు జమ్మాకు వట్టుకోని అస్తడా?"

లేపుదామని చెయ్యి చాచాను. ఆయన లేచి, నడుం పట్టుకుని, "గీనికి నా బిడ్డనియ్య!" అనేశాడు.

లత ముందుకొచ్చింది. "ఆగు బాపు. గదెట్ల ఏసిండ్రు? జెర నాకు చెప్పుండ్రి," అని నన్నే అడిగింది.

నా తెలివి చూడండి. సంబంధం పోతుంటే పాఠం మొదలుపెట్టాను. "గిట్ల చెయ్యి గట్టిగ వట్టాలె. బలం అక్కర లేదు, మీ తుంటి నా కిందికి..."

ఆ తర్వాత నాకు ఆకాశం కనబడింది. చెరుకు కట్టలు ఎత్తే చేతులకు నేనొక లెక్కా? ఊరంతా ఈలలు. మామ నడుం నొప్పి మరిచి నవ్వాడు.

"ఇగ సరికి సరి, బాపు. లగ్గం వెట్టు," అంది లత, కొంగు దులుపుకుంటూ.

"వెడ్త బిడ్డా. గీనికి నువ్వే కరెక్టు!"

కాబట్టి జనులారా, ప్రమాణం చేస్తున్నాను. ఇకపై బయట ఎవరు వెనక నుంచి చెయ్యేసినా, ముందు ముఖం చూస్తాను. ఇంట్లో అయితే అదీ చూడను. నా అంతట నేనే వెళ్ళి నేల మీద పడుకుంటాను.