నెత్తిమీది తలుపు

మా అక్కను కట్టుకునే నాటికే బావ యుద్ధనౌకలో వంటవాడు. పెళ్ళయ్యాక కూడా ఏడాదిలో సగానికి పైగా ఆ ఇనుప వంటగదిలోనే గడిపాడు. నౌక ముసలిదయ్యాక తుక్కు చేయకుండా, చేపలకు గూడవుతుందని తీరానికి కాస్త దూరంలో ముంచారు. నిటారుగా దిగవలసింది ఎడమపక్కకు ఒరిగి పడుకుంది. బావ ఆ వయసులో గాలి సిలిండరు వీపున కట్టుకోవడం నేర్చి, చూడవచ్చినవాళ్ళను అదే నౌకలోకి తీసుకెళ్ళే పనిలో చేరాడు. వాళ్ళ పడవ నడిపేది నేను.

"సవతిని నీళ్ళలో ముంచినా నాకు పోరు తప్పలేదు," అనేది అక్క.

"ముంచాకే సింగారం ఎక్కువైందే! ఒళ్ళంతా పగడాలు," అనేవాడు బావ.

ఆ వంటగది తలుపు బయట తాడు కట్టి, దాన్ని పట్టుకునే లోపలికి పోవాలి, దాన్ని పట్టుకునే రావాలి. బావ దాన్ని వచ్చినవాళ్ళ కోసం కట్టేవాడే గాని తాను ముట్టుకునేవాడు కాదు. నేను గొణిగితే, "సొంత వంటగదిలోకి తాడు పట్టుకుని వెళ్ళేవాణ్ణి ఎక్కడైనా చూశావట్రా బామ్మర్దీ?" అని నవ్వేవాడు.

ఆ రోజు వచ్చింది ఒక్కడే, ఫొటోల పిచ్చి ఉన్న పళ్ళ డాక్టరు. కాసేపటికి అతనొక్కడే పైకి తేలాడు.

"మా బావ ఏడండీ?"

"వెనకే వస్తున్నారు. పొయ్యి ఫొటో తీద్దామని తాడు వదిలేశాను. కాలు తగిలి బురద లేచింది. లైటు వేసినా నా చెయ్యి నాకే కనబడలేదు. ఆయనే వెతికి, తాడు చేతిలో పెట్టి బయటికి తోశారు." కాస్త ఆగి, "భయంలో నా కాలు ఆయన మొహానికి తగిలింది. తాడు కూడా నాతోనే లాక్కొచ్చేశాను," అన్నాడు.

నీటిమీద బుడగలు లేవు. మనిషి నౌక లోపల ఉంటే అవి ఇనుప గోడల కిందే చిక్కుకుంటాయి. ఆ సంగతి తెలుసు కనుకే ఆశ పెట్టుకుని కూర్చున్నాను. సిలిండరులో గాలి అయిపోయే వేళ దాటింది. పక్క పడవలోని గైడు దూకాడు.

బావ వంటగదిలోనే దొరికాడు. పొయ్యికి ఎదురుగా నిలబడితే తలుపు కుడిచేతి వైపు. నౌకరీ చేసినన్నాళ్ళూ అంతే. నౌక ఒరిగాక ఆ తలుపు నెత్తిమీదికి వచ్చింది. బావకు తెలియక కాదు, రోజూ అందులోంచే దిగేవాడు. చీకట్లో మాత్రం ఒళ్ళు పాత అలవాటే పట్టుకుంది. కుడికి వెళ్ళాడు. అక్కడ ఇప్పుడు గోడలా నిలబడి ఉన్నది ఒకప్పటి నేల. దానిమీద బావ చేతులు తడిమిన మేర నాచు తుడుచుకుపోయి ఇనుము బయటపడిందని గైడు చెప్పాడు.

అక్కకు చెప్పక తప్పలేదు. ఏడవలేదు.

"తలుపు ఎంత దూరంలో ఉందిరా?"

"కాస్త పైకి ఈదితే చేతికందేంత అక్కా."



"ఇంట్లో కరెంటు పోయినా ఇంతే," అంది. "అగ్గిపెట్టె అటక మీదుంటే, కింద డబ్బాలన్నీ తడిమేవాడు."