పక్కింటి రేడియోలో మా మిషను

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి ఖాలా, ఉర్దూలో పిన్నమ్మను అలాగే అంటారు. చేతులకు పిండి అంటి ఉండగానే, రెండు పెరళ్ల మధ్య కూలిన గోడ దాటుకుని వచ్చింది.

"బేటీ, రేడియో పట్ పట్‌మని పేలుతుంది. రోజూ గిట్ల చెయ్యది. లోపల నీ మొగున్ని చూడు పో."

రేడియోకూ మా ఆయనకూ సంబంధమేమిటో చెప్పాలి. ఆయన సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పైదేశం నుంచి అక్కడికి వచ్చిన మిషనొకటి సన్నటి ఇత్తడి తీగతో ఉక్కును కోయడం చూసినప్పటి నుంచి ఆయన మనసు ఇంట్లో లేదు. అలాంటిదే సొంతంగా చేయాలని చాంద్రాయణగుట్టలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో మొదలుపెట్టారు. నా కుట్టుదారం చేతిలోకి తీసుకుని నాకు వివరించారు. తీగ ఉక్కును తాకదు. వెంట్రుకవాసి సందులో కరెంటు నిప్పురవ్వలై దూకుతూ ఉక్కును కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఆ చోటు ఎప్పుడూ కిరసనాయిలులో మునిగే ఉండాలి. నూనె తగ్గి రవ్వ గాలికి బయటపడితే అంటుకుంటుంది.

"నూనెల నిప్పేంది?" అన్నాను.

"మునిగినంతసేపు ఏం గాదే. ఏమన్నయితే ముందుగాల బయట ఫ్యూజు పీకు, తర్వాతనే లోపలికి రా. నీళ్లు మాత్రం పొయ్యకు."

ఏం గాదన్న మనిషి ఫ్యూజు మాట ఎందుకెత్తినట్టు? ఆ సాయంత్రం నుంచి వెనక గుమ్మంలో దీపం పెట్టడం మానేశాను.

మిషను నడిచినంతసేపూ ఖాలా రేడియోలో గరగరమని చప్పుడు.

"నీ మొగుడు ఇనుము కోస్తుండా, నా చెవులు కోస్తుండా?" అని గోడ మీదుగా అరిచేది.

"పాటలు నువ్వే పాడు ఖాలా, మేం ఇంటం" అని కొట్టంలోంచి ఆయన.

తిడుతూనే వినేది తప్ప ఆమె రేడియో కట్టేసేది కాదు.

ఆ దసరాకు మిషనుకు పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశాం. ఆయుధ పూజలో వేసిన దండను ఎండేదాకా తీయకపోవడం మా ఇంటి ఆనవాయితీ. మర్నాడు దండ ఉండగానే ఆయన మిషను నడిపారు. దుమ్ము పడకుండా కిటికీ మూసి, తలుపు గడియ వేసుకున్నారు. తీగ కోసే చోటు మునిగి ఉండే పై బొచ్చెలోంచి, అంటే గిన్నెలోంచి, కిందికి కారే నూనెను చిన్న పంపు మళ్లీ పైకెక్కించాలి. రాలిన బంతిరేకులు ఆ పంపు మూతిని పూడ్చేశాయి. బొచ్చెలో నూనె దిగిపోతూ వచ్చింది. ఇదంతా తర్వాత తెలిసింది.

ఖాలా ఆ కబురుతో వచ్చినప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, పిలిస్తే ఆయన పలకడం లేదు. తలుపు కింద నుంచి పొగ వస్తోంది.

దేవుణ్ణి తలుచుకుని ఫ్యూజు పీకాను. మరుక్షణం గోడ అవతల రేడియోలో ఆ పట్ పట్ ఆగిపోయి, పాట తేటగా వినిపించింది. అంత తీయటి పాట అంతగా భయపెడుతుందని నేను అనుకోలేదు. లోపల ఆయన ఉలుకూ పలుకూ లేదు.

"తలుపు నూకు బేటీ, యా అల్లా!" అంది ఖాలా. ఇద్దరం భుజాలతో నెడితే గడియ ఊడింది. బొచ్చె మీద మంట, దండ మండుతోంది. పొగకు, నూనె ఆవిరికి సొమ్మసిల్లి ఆయన గోడ వారన పడి ఉన్నారు. చొక్కా చేయి అప్పుడే అంటుకుంటోంది. నేను ఆయన్ని ఈడుస్తుంటే, గోడ కట్టడానికి తెచ్చిపెట్టిన ఇసుకను ఖాలా పిండిచేతులతోనే ఎత్తెత్తి మంట మీద పోసింది.

చేతి మీద మచ్చతో ఆయన నాకు దక్కారు. మిషను మళ్లీ నడిచింది. దండ మాత్రం అప్పటి నుంచి కొట్టం తలుపుకే. గోడ మళ్లీ కట్టలేదు. "ఇసుకంత ఖాలా ఖర్చు చేసె" అనేవారు ఆయన.

ఖాలా ఇప్పుడు లేదు. ఆమె నమాజులో మమ్మల్ని తలిచేదట, దేవుడి దగ్గర దీపం పెట్టినప్పుడు నేనామెను తలుస్తాను. మీ రేడియోలో ఎప్పుడైనా గరగర వస్తే విసుక్కోకండి. మా ఖాలాను ఒక్కసారి తలుచుకోండి.