కట్ చెప్పేవాళ్లు లేని పరుగు

మొన్న మా మనవరాలు చేతి గడియారం చూపించి, చిన్న పరుగొకటి తీస్తే చాలు, పెద్ద పందెంలో తనకెంతసేపు పడుతుందో అదే చెప్పేస్తుందని మురిసిపోతుంటే, పైకి నవ్వాను గానీ లోపల కలుక్కుమంది. మా అన్న గుర్తొచ్చాడు.

కృష్ణానగర్‌లో చిన్న గది కిరాయికి తీసుకుని, సినిమాల్లో హీరోల బదులు పరుగెత్తడమే పనిగా బతికినవాడు మా అన్న. వెనకనుంచి చూపించే పరుగులన్నీ అన్నవే, ఈలలు మాత్రం హీరోకి. అది వేరే సంగతి లెండి. వయసు మీద పడి పిలుపులు తగ్గిన రోజుల్లోనే సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. జూబ్లీ హిల్స్‌లో మా ఆయన పనిచేసే కంపెనీవాళ్లు పది కిలోమీటర్ల పరుగుపందెం పెట్టి, గెలిచినవాళ్లను ఉద్యోగులకు వ్యాయామం నేర్పడానికి తీసుకుంటామన్నారు. నెలజీతం ఉద్యోగం! అన్న కళ్లల్లో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన ఊరుకుంటారా? ఫిల్మ్ నగర్‌లో షూటింగ్‌కి వెళ్లి, ఒక్క షాట్‌లో అన్న పరుగెత్తిన దూరానికి పట్టిన సమయం చూసుకుని, అలుపుకని కాస్త కలిపి, పది కిలోమీటర్లకు కంప్యూటర్‌లో లెక్క కట్టేశారు. ఆ లెక్కలో అన్నే మొదటివాడు. కంప్యూటర్ చెప్పిందంటే ఆ రోజుల్లో దేవుడు చెప్పినట్టే కదా! "బావ లెక్కేసిండు, ఇగ ఫికర్ లేదు," అని అన్న పొంగిపోయాడు. అన్న షాటుకూ షాటుకూ మధ్య గొడుగు కింద కూర్చుని మజ్జిగ తాగుతాడన్న సంగతి మాకెవరికీ తట్టలేదు, ఆఖరికి అన్నకు కూడా.

పందెంలో అన్న అందరికంటే ముందు దూసుకొచ్చాడు. రోడ్డు మొదటిసారి ఎత్తెక్కే చోట నిలబడి నేను చప్పట్లు కొడుతుండగానే ఆగిపోయి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కొక్కరే దాటుకుంటూ పోతున్నారు. నన్ను చూసి రొప్పుతూ, "గీడ కట్ చెప్పెటోడు ఎవ్వడు లేడు చెల్లె," అన్నాడు. ఇంటికి పోదాం రమ్మన్నా వినలేదు. నడుచుకుంటూ వెళ్లి, బ్యానర్లు విప్పుతున్న వేళకు చివరి గీత దాటాడు. అక్కడ చప్పట్లు కొట్టడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

ఉద్యోగం ఇంకెవరికో పోయింది. పిలిచినన్నాళ్లూ అన్న ఆ షూటింగ్ గొడుగు కిందికే వెళ్లాడు. ఇప్పుడు అన్న లేడు. అదే రోడ్డు మీద పొద్దున్నే పరుగెత్తే పిల్లల చేతులకు గడియారాలున్నాయి, ఎవరి దమ్ము ఎంతో వాళ్లకు ముందే తెలుస్తోంది. ఆ భాగ్యం అన్నకు దక్కలేదే అని ఏడుపొస్తుంది.

గడియారం చెప్పిన సమయానికి పందెం చివరి గీత దగ్గర ఉండమంది మనవరాలు. సరేనన్నాను. ఆ సమయం దాటిపోయినా, బ్యానర్లు విప్పేసినా, పిల్ల వచ్చేదాకా నేనక్కడే ఉంటాను.