కొలంబో రూపాయి, మా మామగారి కుర్చీ

1966 జూన్‌లో మన రూపాయి విలువ ఒక్కసారిగా పడిపోయింది. దాంతోపాటే నా పరువూ పడింది. రూపాయి సంగతి ఢిల్లీలో పెద్దలు చూసుకున్నారు. నా సంగతి పట్టించుకునే నాథుడు లేక ఇన్నేళ్లకు నేనే మీ ముందు పెడుతున్నాను. మొహమాటపడకుండా నవ్వండి, నాకు అలవాటే.

అప్పట్లో నేను తోటపల్లి గూడూరులో ప్రైమరీ స్కూలు మాస్టరును. పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ని. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. మా అత్తగారి ఊరు మైపాడు. మామ దేవదానం గారికి రెండు పడవలు, ముగ్గురు కూతుళ్లు, ఒక చేతుల కుర్చీ ఉండేవి. నా కష్టాలన్నీ ఆ కుర్చీ వల్లనే.

ఆదివారం చర్చి నుంచి రాగానే అందరం చాపల మీద భోజనానికి కూర్చునేవాళ్లం. కుర్చీ మాత్రం పెద్దల్లుడు జాన్‌రత్నానిది. దాని ముందు ఒక స్టూలు వేసి, చేపల పులుసులోంచి మొదటి ముక్క తీసి అక్కడ వడ్డించేది మా అత్త. ఆయన కొలంబోలో ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఏడాదికి ఒక నెల సెలవు మీద వచ్చేవాడు. మిగతా పదకొండు నెలలూ ఆ కుర్చీ ఖాళీయే. అయినా నన్ను కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. ఎవరూ కూర్చోనప్పుడు దుమ్ము పడకుండా దాని మీద దుప్పటి కప్పి ఉంచేవాళ్లు.

నాకు అసూయ. మామూలు అసూయ కాదు, అన్నం సహించని అసూయ. ఆయన చొక్కా మడతలంటే అసూయ, తలనూనె వాసనంటే అసూయ. ఒకసారి ఆయనకు దగ్గు పట్టుకుంటే ఊరంతా వచ్చి పలకరించిపోయారు. నాకు ఆ దగ్గు మీద కూడా అసూయే. మా ఆవిడ కరుణ "మా బావ" అన్నప్పుడల్లా ముద్ద గొంతులో అడ్డం పడేది.

నా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. ఆ రోజుల్లో కొలంబోలో చెల్లే సిలోను రూపాయీ మన రూపాయీ సమానం. అక్కడ ఒకటంటే ఇక్కడా ఒకటే. ఆయన వచ్చిన ప్రతిసారీ అందరూ వినేటట్టు "అన్నా, నీ రూపాయికి ఇక్కడ ఎంతిస్తారు?" అని అడిగేవాణ్ని. పాపం, ఆయన నవ్వి, సమానమే తమ్ముడూ అనేవాడు.

ఆ జూన్‌లో ఆయన సెలవు మీద వచ్చి ఉన్నాడు. మొదటి ఆదివారం నేనిక ఉండబట్టలేకపోయాను. రూపాయలు సమానమైతే అల్లుళ్లూ సమానమేనని, కుర్చీకి వంతులు వేయాలని పట్టుబట్టాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? "ఒక్క పైసా తేడా చూపించండి, జన్మంతా చాప మీదే కూర్చుంటా" అన్నాను.

మామ వేళ్లు నాక్కుంటూ తీర్పు చెప్పాడు. "సరే అబ్బయ్యా. ఎవురి రూపాయి బరువైతే వాళ్లది కుర్చీ. సమానంగా ఉన్నన్నాళ్లు వారానికొకరు. వచ్చే ఆదివారం నీ వంతు."

మర్నాడు పొద్దున మా గూడూరు పంచాయతీ రేడియో దగ్గర జనం మూగారు. వాళ్ల గోలలో నా చెవిన పడింది రెండు అంకెలే. అమెరికా డాలరుకు నాలుగు రూపాయల డెబ్బై ఆరు పైసలుండే మన రేటు ఏడున్నర అయింది. సిలోను రేటు మారలేదు. నాలుగు పెద్దదా, ఏడు పెద్దదా? లెక్కల మాస్టరుకు ఒకరు చెప్పాలా? మన రూపాయి పెరిగింది, కొలంబో రూపాయి చతికిలబడింది.

అరవీశ పాలకోవా కట్టించుకుని సైకిలెక్కాను. దారిలో కనబడిన ప్రతివాడికీ శుభవార్త చెప్పాను. మైపాడు చేరి, చెప్పులైనా విప్పకుండా దుప్పటి లాగేసి కుర్చీలో కూర్చున్నాను. కోవా పంచమని, పుట్టింట్లోనే ఆగిపోయిన కరుణకు పొట్లం ఇచ్చాను. మొదటి ముక్క బావకే పెట్టమన్నాను, ఓడినవాడి మీద జాలితో.

అందరూ తిన్నాక మామ మూతి తుడుచుకుని, సంగతేమిటని అడిగాడు. చెప్పాను. నాలుగు ముప్పాతిక నుంచి ఏడున్నరకు ఎక్కామని రెండు వేళ్లు పైకెత్తి మరీ చెప్పాను. మామ పడవల వైపు చెయ్యి చూపించాడు.

"అబ్బయ్యా, పొద్దున నీకు నాలుగు ముప్పాతికకి ఇచ్చిన వంజరం చేపనే సాయంత్రం ఏడున్నర అన్నాననుకో. పెరిగింది నీ రూపాయా, నా చేపా?"

పైకెత్తిన రెండు వేళ్లూ దించేశాను. అక్షరం ముక్క రాని మా అత్తకు కూడా నాకన్నా ముందే అర్థమైంది. చాప తెచ్చి నా కాళ్ల దగ్గర పరిచింది. జాన్‌రత్నం లెక్క చూసి, తన నూరు రూపాయలకు ఇప్పుడు మన నూట యాభై ఏడు వస్తాయని మెల్లగా చెప్పాడు. ఎగతాళి చేసినా భరించేవాణ్ని. "పర్లేదులే తమ్ముడూ, కూర్చో" అన్నాడు. అదే నన్ను చంపేసింది. లేచి చాప మీదికి దిగాను. మిగిలిన కోవా కరుణ వాళ్ల బావకే పెట్టింది.

మరుసటి ఏడు ఆయన మళ్లీ సెలవు మీద వచ్చాడు. ఆ ఆదివారం నేను ఎవరూ చెప్పకుండానే నా చాప పరుచుకున్నాను. చూస్తే ఆయనా వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. కుర్చీలో మా కొత్త తోడల్లుడున్నాడు. మా చిన్న మరదలిని జనవరిలోనే చేసుకున్న పిల్లగాడు, మలేషియాలో పెనాంగులో ఉద్యోగం. అక్కడ చెల్లేది మలయా డాలరు, అమెరికాది కాదు. ఆ డాలరు ఒక్కటీ మన రెండున్నరకు అయిదు పైసలే తక్కువ. మొదటి ముక్క స్టూలు మీదికి వెళ్లింది. మా ఇద్దరికీ తోకలు వచ్చాయి.

జాన్‌రత్నం కంచంలోకి చూస్తూ నా చెవి దగ్గర గొణిగాడు. "తమ్ముడూ, నువ్వు లెక్కల మాస్టరువి గదా. వాళ్ల డాలరు పడిపోయే దారేమన్నా ఉందా?"

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన మీద నాకు ప్రేమ కలిగింది ఆ క్షణంలోనే. ఆ చాప మీదే, పులుసు చేతులతోనే ఇద్దరం ప్రమాణం చేసుకున్నాం: ప్రాణం ఉండగా ఇంకొకడి డబ్బుతో మన డబ్బును తూచబోమని. నా మటుకు నేను ఈనాటికీ మాట తప్పలేదు. పేపర్లో డాలరు రేటు చూసే పని అన్నకే వదిలేశాను.