పుష్పలత గారి పెద్ద అక్షరాలు

పుష్పలత గారి ఉద్యోగం పోగొట్టింది నేనే. కాగితం మీద సంతకం ప్రిన్సిపాల్ వీరరాఘవయ్య గారిదే అయినా పాపం నాది.

రేపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆవిడ పద్దెనిమిదేళ్లుగా గుమాస్తా. టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్లేవి. భర్త పోయాడు. కూతురు సుజన బాపట్లలో చదువుకుంటోంది. ఇల్లు ఆ జీతం మీదే నడిచేది. నాది తెనాలిలో కంప్యూటర్ రిపేరు షాపు. 2007లో ఆ ఆఫీసు కంప్యూటర్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసింది నేనే. దొంగ విండోస్ వాడితే కేసు పెడతారని ప్రిన్సిపాల్ గారి భయం.

నెల తిరక్కముందే ప్రిన్సిపాల్ గారి ఫోను.

"ఏంటయ్యా బాబూరావూ, తెర కింద బటన్లు కనపడి చావట్లేదు. సేవ్ కొడదామంటే అదెక్కడుందో!"

వెళ్లి చూస్తే అడ్డంగా 1024 చుక్కలు ఉండాల్సిన తెర రిజల్యూషన్ 640కి పడిపోయి ఉంది. అక్షరాలు గుమ్మడికాయలంత, విండోల కింది భాగం తెర దాటిపోయింది! లైనక్స్ ఆ రోజుల్లో మానిటర్‌ని సరిగ్గా గుర్తుపట్టకపోవడం మామూలే. సరిచేసి వచ్చాను. వారానికి మళ్లీ అదే గోల. కేబుల్ మార్చాను. మళ్లీ అదే. మూడోసారి ఇంకో మానిటర్ ఒళ్లో పెట్టుకుని ప్యాసింజరు బండిలో మోసుకెళ్లాను. నాలుగోసారి పిలిచేసరికి ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు ప్రిన్సిపాల్ గారు బయటికి వెళ్లాక ఆవిడే నోరు విప్పింది.

"నేనే మారుస్తున్నా తమ్ముడూ. షుగరు కళ్లకొచ్చింది. అద్దాలు మూడుసార్లు మార్పించినా లాభం లేదు. ఇట్టా పెట్టుకుంటే అక్షరం కనపడుద్ది. సారుకి చెప్పమాక, నీకు దణ్ణం పెడతా."

"మరి కింద బటన్లో?"

"ఆల్ట్ నొక్కి పట్టుకుని విండోని పైకి లాగుతా. నేనే కనుక్కున్నా." ఆ మాట చెబుతూ కాస్త నవ్వింది కూడా.

జాలి పడాల్సింది. నాకు కోపమొచ్చింది. "నాలుగుసార్లు తిప్పారు కదక్కా! ముందే ఒక్క మాట చెప్తే ఏం పోయేదండి?" అని కేకలేశాను.

సారుకి చెప్పలేదు. అదేదో ఘనకార్యమని నన్ను నేనే మెచ్చుకున్నాను. కానీ సెట్టింగుల ఫైల్లో 1024 తప్ప మిగతావన్నీ పీకేసి, ఇంకెవరూ మార్చడానికి లేకుండా పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకున్నాను. రిజల్యూషన్ జోలికి పోకుండా అక్షరాలు మాత్రం పెద్దవి చెయ్యొచ్చు. రెండు నిమిషాల పని. తెలియక కాదు. సాయంత్రం బండి వెళ్లిపోతుందని లేచాను. పైగా "మంచి డాక్టరుకి చూపించుకోండక్కా" అని ఓ ఉచిత సలహా.

తర్వాత రేపల్లె నుంచి ఫోన్లు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ నెలన్నరలో ఆవిడ రెండు టీసీల మీద పుట్టినతేదీలు తప్పు కొట్టింది. ఒక కుర్రాడికి వేరే ఊళ్లో సీటు చెయ్యిజారింది. వాళ్ల నాన్న ఆఫీసుకొచ్చి నానా రభస చేశాడు. మర్నాటి నుంచి రావద్దని ఆవిడకి చెప్పేశారు.

ఈ సంగతి ప్రిన్సిపాల్ గారే చెప్పారు, ప్రింటర్ బాగుచెయ్యమని పిలిచినప్పుడు. "కొత్త మనిషి దొరికేదాకా నేనే కొడుతున్నానయ్యా. ఈ అక్షరాలేంటి, మరీ చీమల్లా ఉన్నాయి? కాస్త పెద్దవి చేసి పెట్టకూడదూ?"

చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఛీ, ఎందుకు బతుకు అనిపించింది.

మరుసటి వేసవిలో ఆవిడ మా బండిలోనే కనిపించింది. సుజన చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఆ పిల్ల చదువు మానేసి తెనాలిలో బట్టల కొట్లో చేరిందట. ఎదురుగా కూర్చున్నా ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. "బాగున్నారా అక్కా?" అన్నాను. గొంతు వినగానే మొహం విప్పారింది.

"కంప్యూటర్ బాబూరావువి కదూ! అది ఇప్పుడేమన్నా పేచీ పెడతందా తమ్ముడూ?"

"లేదక్కా."

"పోన్లే. నీకు తిరుగుడు తప్పింది," అంది, నేనున్న వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ.